ఆమ్‌స్టర్‌డామ్ కాలువ వీధిని తైలవర్ణాలతో చిత్రించడం: మందపు రంగును ఎక్కడ నిలపాలి, ఎక్కడ ఆపాలి

తైలవర్ణ చిత్రంలో కుంచె నడిచిన దారి కంటికి కనబడేలా, రంగు కాన్వాస్ మీద ఉబ్బెత్తుగా లేచి నిలిచేలా పూసే పద్ధతిని ఇంపాస్టో అంటారు. కాలువ ఒడ్డున నిలిచిన నగరాన్ని ఈ పద్ధతిలో చిత్రించడం చాలామందికి ఇష్టమైన పనే. అయినా గోడలు, ఆకాశం, నీరు, చెట్లు అన్నీ ఒకే మందంతో, ఒకే తీరు గీతలతో నిండిపోయి చివరికి నీరు కూడా గోడలాగే గట్టిపడిపోయిన చిత్రాలే ఎక్కువగా కనిపిస్తాయి. మందం ఒక అలంకారం కాదు. వెలుగు పడే గట్టి వస్తువుకు అది చెందుతుంది, నీడకూ లోతుకూ చెందదు. ఈ ఒక్క విషయం చేతికి పట్టుబడేవరకు ఎంత ఖరీదైన రంగులు కొన్నా ప్రయోజనం ఉండదు కాబట్టి, ఈ వ్యాసమంతా దానిని సాధించే పద్ధతి గురించే రాస్తున్నాను. ఉదాహరణగా ఆమ్‌స్టర్‌డామ్ కాలువ వీధిని, అందులోనూ శీతకాలపు మధ్యాహ్నాన్ని తీసుకుంటున్నాను.

ఈ ఎంపికకు కారణం ఉంది. పదిహేడో శతాబ్దంలో తవ్విన హెరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అనే మూడు పెద్ద కాలువలు పాత నగరాన్ని ఒకదాని వెలుపల ఒకటిగా చుట్టి ఉంటాయి. ఆ ప్రాంతాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వీధుల్లో ఇటుక గోడ, తెల్ల రాతి నగిషీ, గాజు కిటికీ, ఆకు రాలిన ఎల్మ్ చెట్టు, ముదురు రంగు నీరు ఒకే చోట పక్కపక్కన దొరుకుతాయి. ఒక్కొక్కటి ఒక్కో రకమైన కుంచెపనిని కోరుతుంది. పైగా మందపు రంగుకు ఆ నగరంలో గొప్ప పరంపర ఉంది. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ అక్కడే పనిచేశాడు. ఇప్పుడు ఆ నగరంలోని రైక్స్‌మ్యూజియంలో ఉన్న ఆయన ‘యూదు వధువు’ చిత్రంలో పురుషుని బంగారు రంగు చొక్కా చేయి మీద రంగు ఎంత మందంగా లేచి ఉంటుందో, అదే చిత్రంలో వెనుకనున్న చీకటి అంత పలచగా ఉంటుంది. 1885లో ఆ మ్యూజియానికి వెళ్లిన వాన్ గో ఆ చిత్రం ముందు నుంచి కదలలేకపోయాడు. ఆ తరువాత 1886లో ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడిన డచ్ చిత్రకారుడు బ్రైట్నర్ తడిసిన వీధులను, మంచు పడిన వంతెనలను, గోధుమ బూడిద రంగుల కాలువ ఒడ్డులను వెడల్పాటి కుంచెతో చిత్రించాడు. రైక్స్‌మ్యూజియం తన వెబ్‌సైటులో ఈ చిత్రాల పెద్ద ఛాయాచిత్రాలను ఉచితంగా అందిస్తోంది. వాటిని బాగా పెద్దవి చేసి, రంగు ఎక్కడ మందంగా ఉందో ఎక్కడ కాన్వాస్ నేత బయటపడుతోందో గుర్తించడం పని మొదలుపెట్టే ముందు చేయవలసిన మంచి సాధన.

వెలుగును అర్థం చేసుకోవడం

ఆమ్‌స్టర్‌డామ్ ఉత్తర అక్షాంశం 52 డిగ్రీల దగ్గర ఉంది కనుక డిసెంబరు చివరి రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిక్చక్రానికి సుమారు 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అదే సమయంలో హైదరాబాదులో సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మనకు అలవాటైన వెలుగు పైనుంచి పడి చూరు కింద పొట్టి నీడలు వేస్తుంది. అక్కడి శీతకాలపు వెలుగు పక్కనుంచి వచ్చి, ఒక వరుస ఇళ్ల నీడను కాలువ మీదుగా ఎదుటి వరుస పాదాల దాకా సాగదీస్తుంది. అందువల్ల ఎండ తగిలే వరుసలో పై అంతస్తులు మాత్రమే వెచ్చగా మెరుస్తూ, కింది అంతస్తు, ఒడ్డు, నీరు అన్నీ చల్లని నీడలో ఉంటాయి. చిత్రకారుడికి ఇది పెద్ద వరం. మందం ఎక్కడ పెట్టాలో వెలుగే చెబుతోంది: పై గోడల మీద, గేబుల్ (ఇంటి ముఖానికి పైన నిలిచే గోడ భాగం) అంచుల మీద, ఆ గోడలు నీటిలో ప్రతిఫలించి విరిగే కొద్దిచోట్ల. మిగిలిన చిత్రమంతా పలచగా ఉండవచ్చు, ఉండాలి కూడా.

వంతెన మీద నిలబడి చూస్తున్నట్టు దృశ్యాన్ని అమర్చుకోండి. హెరెన్‌గ్రాఖ్ట్ నుంచి రెహులియర్స్‌గ్రాఖ్ట్ వైపు చూస్తే వరుసగా ఏడు వంతెనలు కనిపించే ప్రసిద్ధమైన చోటు ఉంది గాని, మొదటి చిత్రానికి అది పనికిరాదు. అన్ని కమానులనూ పూర్తిచేయాలన్న ఆరాటంలో కుంచె చిన్నదైపోతుంది. ఐదారు ఇళ్లు, ఒక వంతెన, రెండు మూడు చెట్లు, ఒక పడవ చాలు. కంటి ఎత్తు గీతను కాన్వాస్ మధ్యకు కొంచెం పైన ఉంచితే నీటికి కింద తగినంత చోటు దొరుకుతుంది. ఈ కాలువలు తిన్నగా సాగవు, మెల్లగా మలుపు తిరుగుతాయి. అందువల్ల ఇళ్ల వరుస గీతలన్నీ దూరాన ఒకే బిందువు దగ్గర కలవవు. ప్రతి రెండు మూడు ఇళ్లకు ఆ బిందువు కొద్దిగా పక్కకు జరుగుతుంది. దీన్ని గమనించకుండా స్కేలుతో గీసిన చిత్రంలో ఆ వీధి మెలిక కనబడదు.

ఇళ్ల నిర్మాణం గురించి కొంత తెలిస్తే గీత తప్పదు. మెత్తని నేలలో దింపిన కొయ్య దుంగల మీద నిలిచిన ఈ ఇళ్లు సన్నగా, ఎత్తుగా ఉంటాయి. కాలం గడిచేకొద్దీ కొన్ని పక్కకు ఒరిగాయి. చాలా ఇళ్లను ముందుకు కొద్దిగా వాలేలా కట్టారు. పైకప్పు దగ్గర బయటికి పొడుచుకు వచ్చిన దూలానికి కొక్కెం ఉంటుంది, దానితో సామాను పైకి లాగేటప్పుడు అది గోడకు తగలకుండా ఆ వాలు కాపాడుతుంది. ఇంటి ముఖానికి పైన కిరీటంలా నిలిచే గేబుల్ కొన్నిటికి మెట్లు మెట్లుగా, కొన్నిటికి మెడలా సన్నగా, కొన్నిటికి గంట ఆకారంలో ఉంటుంది. పై అంతస్తుకు పోయేకొద్దీ కిటికీల ఎత్తు తగ్గుతుంది. ఈ ఒక్క నిష్పత్తిని సరిగా పట్టుకుంటే, ఇటుకలు ఒక్కటి కూడా గీయకపోయినా చూసేవారు అది ఏ నగరమో గుర్తుపడతారు.

సామగ్రి

పద్దెనిమిది అంగుళాలకు ఇరవైనాలుగు అంగుళాల కొలత ఈ పనికి అనువైనది. అంతకంటే చిన్నదైతే మందపు గీతలకు చోటు చాలదు. రంగు బాగా మందంగా పెట్టదలచుకున్నవారు సాగదీసిన కాన్వాస్ కంటే గట్టి బోర్డును ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే కాన్వాస్ కదిలిన ప్రతిసారీ దానిమీద ఎండిన మందపు రంగు పగిలే అవకాశం ఉంది. ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్ (కొయ్య పీచును అదిమి చేసిన) బోర్డు తీసుకుంటే, వెనుక వైపూ అంచులూ కూడా సీల్ చేసి, ముందు వైపు మూడు పూతలు జెస్సో (రంగు పట్టుకునేలా ముందుగా వేసే తెల్లని పూత) వేసి, పూతకూ పూతకూ మధ్య సన్నని ఎమెరీ కాగితంతో తేలికగా రుద్దండి.

రంగులు ఎనిమిది చాలు: టైటానియం వైట్, యెల్లో ఓకర్, కాడ్మియం యెల్లో లైట్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, పర్మనెంట్ ఎలిజరిన్, అల్ట్రామెరీన్ బ్లూ, విరిడియన్. నల్ల రంగు ట్యూబు అవసరం లేదు. అల్ట్రామెరీన్, బర్న్ట్ అంబర్ కలిస్తే వచ్చే ముదురు రంగును వెచ్చగానూ చల్లగానూ తిప్పుకోవచ్చు, ఆమ్‌స్టర్‌డామ్ నీటికీ తలుపులకూ అదే సరిపోతుంది. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు కొనండి, మిగిలిన రంగులన్నిటికంటే ముందు అయిపోయేది అదే. జింక్ వైట్ ఎక్కువగా ఉన్న తెలుపును మందపు పూతకు వాడకూడదు, అది ఎండాక పెళుసుబారి పగులుతుంది. కుంచెల్లో పంది వెంట్రుకలతో చేసిన గట్టి ఫ్లాట్ (చదునైన) కుంచెలు 4, 6, 8, 10 సైజులు, ఒక ఫిల్బర్ట్ (కొన గుండ్రంగా ఉన్న చదును కుంచె), తాళ్లకూ కొమ్మలకూ ఒక పొడవాటి రిగ్గర్ (సన్నని కుంచె), వీటితో పాటు వజ్రాకారపు ప్యాలెట్ నైఫ్ (రంగు కత్తి) ఒకటి ఉంటే చాలు.

రంగు చిక్కదనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం కష్టాలు అక్కడే మొదలవుతాయి. మందపు గీతకు కావలసిన రంగు చల్లని వెన్నలా ఉండాలి, అంటే కత్తితో తీసి పెడితే పెట్టిన ఆకారంలోనే నిలవాలి. కొన్ని ట్యూబుల్లో నూనె ఎక్కువగా ఉండి రంగు జారిపోతుంది. అటువంటప్పుడు దానిని కాసేపు అట్టముక్క మీద పెట్టి ఉంచితే అదనపు నూనెను అట్ట పీల్చుకుంటుంది. అలాగని మొత్తం నూనె పోయేదాకా వదిలేస్తే రంగును పట్టి ఉంచే పదార్థమే ఉండదు, ఎండాక పొడిగా రాలుతుంది. మందం కోసం అవిసె నూనె కలపడం పొరపాటు. నూనె ఎక్కువైన మందపు పొర పైన తోలు కట్టి ముడతలు పడుతుంది. త్వరగా ఎండాలనుకుంటే ఆల్కిడ్ రకపు మాధ్యమాన్ని (రంగు త్వరగా ఆరడానికి కలిపే కృత్రిమ రెసిన్ ద్రవం), లేదా ఇంపాస్టో కోసం ప్రత్యేకంగా తయారుచేసిన జెల్‌ను కొద్దిగా కలుపుకోవచ్చు.

అడుగు పొర

తెల్లని కాన్వాస్ మీద వెంటనే మందపు రంగు మొదలుపెడితే గీతల మధ్య తెలుపు గుచ్చుకుంటుంది, వెలుగు చీకట్ల స్థాయి కూడా అంచనాకు అందదు. బర్న్ట్ సియెన్నాలో చిటికెడు అల్ట్రామెరీన్ కలిపి, వాసన లేని మినరల్ స్పిరిట్‌తో పలచగా చేసి, ఉపరితలమంతా పూసి గుడ్డతో తుడిచేయండి. మిగిలిన వెచ్చని గోధుమ రంగు తరువాత ఇటుకల మధ్య సందుల్లోంచి బయటపడి గోడకు ప్రాణం పోస్తుంది. దాని మీద కుంచెతోనే ప్రధాన గీతలు గీసి, ఆకాశం, ఎండ తగిలిన గోడలు, నీడలో ఉన్న గోడలూ ఒడ్డూ, నీరు అనే నాలుగు భాగాలను నాలుగు స్థాయులుగా రుద్దినట్టు పలచగా నింపండి. ఆకాశం అన్నిటికంటే వెలుగుగా, నీరు ఆకాశం కంటే ఒక మెట్టు చీకటిగా, నీడలోని ఒడ్డు అన్నిటికంటే చీకటిగా ఉండాలి. ఎండ తగిలిన గోడలు ఆకాశం కంటే వెచ్చగా కనిపించినా దానికంటే కొద్దిగా ముదురుగానే ఉంటాయని కళ్లు సగం మూసి చూస్తే తెలుస్తుంది. ఈ పొరలో అంబర్, సియెన్నా వంటి త్వరగా ఎండే రంగులు వాడితే ఒకటి రెండు రోజుల్లో చేతికి అంటకుండా ఆరుతుంది. నూనె తక్కువగా ఉన్న పొర కిందా, ఎక్కువగా ఉన్న పొర పైనా ఉండాలన్న నియమం ఇక్కడి నుంచే పాటించాలి. తైలవర్ణం నీటిలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి గట్టిపడుతుంది. కింద మెత్తని పొర ఉండగా పైపొర ముందు గట్టిపడితే పగుళ్లు తప్పవు.

గోడలు, కిటికీలు, చెట్లు

మందపు గీతకు ఒకే సూత్రం: కుంచెకు నిండుగా రంగు ఎత్తుకోవాలి, ఒక్కసారి పెట్టాలి, తీసేయాలి. పెట్టిన గీతను మళ్లీ సవరించబోతే దాని అంచులు చచ్చిపోతాయి, కింది రంగు కలిసి మురికి అవుతుంది. కనుక రంగును ప్యాలెట్ మీదే పూర్తిగా కలుపుకొని, ప్రతి రెండు మూడు గీతలకు కుంచెను గుడ్డతో తుడుచుకొని ముందుకు సాగాలి.

ఎండ తగిలిన గోడకు ఓకర్, సియెన్నా, తెలుపు కలిపి మూడు దగ్గర దగ్గర ఛాయలు సిద్ధం చేసుకోండి. సైజు 6 ఫ్లాట్ కుంచెతో అడ్డంగా, పొట్టిగా, ఒక ఛాయ పక్కన మరొకటి పెడుతూ, మధ్యమధ్య అడుగు పొర కనిపించేలా వదిలేయండి. ఇటుకల లెక్క ఎవరికీ అక్కరలేదు, ఇటుక వరుస సాగే దిశ మాత్రం కావాలి. ప్రతి ఇంటికీ ఆ మూడు ఛాయల్లో ఏది ఎక్కువ అన్నది మార్చితే పక్కపక్కన ఉన్న ఇళ్లు విడివిడిగా నిలుస్తాయి. గేబుల్ మీది తెల్లరాతి నగిషీ ఆకాశాన్ని తాకే చోట చిత్రంలోకెల్లా మందమైన రంగు పెట్టవచ్చు, అక్కడ కత్తి వాడినా బాగుంటుంది. దిగువకు వచ్చేకొద్దీ మందాన్ని తగ్గిస్తూ, నీడ మొదలయ్యే గీత దగ్గర రంగు దాదాపు పలచబడిపోవాలి. నీడలోని గోడకు అల్ట్రామెరీన్, ఎలిజరిన్, అంబర్ కలిపిన పారదర్శకమైన రంగును రుద్దితే చాలు.

కిటికీల విషయంలో చాలామంది చట్రాన్నీ గాజునూ ఒకే మందంతో పూస్తారు. గాజు నునుపుగా, ముదురుగా, కుంచె గీత కనబడకుండా ఉండాలి. చట్రపు తెల్లని గీతను ఫ్లాట్ కుంచె అంచుతో ఒకే ఊపులో దాని పక్కన మందంగా పెడితే, ఆ రెండిటి తేడా వల్లనే గాజు లోపలికి వెళ్లినట్టు కనిపిస్తుంది. నీడలో ఉన్న తెల్ల చట్రం తెల్లగా ఉండదని గుర్తుంచుకోండి. అది నీలం కలిసిన బూడిద రంగులో, ఎండలోని ఇటుక గోడ కంటే కూడా చీకటిగా ఉంటుంది.

ఎల్మ్ చెట్ల కాండాలకు నిలువు గీతలు చాలు. సన్నని కొమ్మలను రంగు తడిగా ఉన్న ఆకాశంలో కుంచె కర్ర మొనతో గీరితే అడుగునున్న గోధుమ రంగు బయటపడి, పూసిన కొమ్మకంటే సహజంగా ఉంటుంది. వంతెన కటకటాలకు ఆనించిన సైకిళ్ల చక్రాలను కూడా ఇలాగే గీరవచ్చు, అయితే రెండు మూడిటితో ఆపాలి. ఆకాశాన్ని వెడల్పాటి కుంచెతో ఐమూలగా, గోడల కంటే తక్కువ మందంతో పూయండి. ఆకాశపు గీతలు గోడ గీతలంత బలంగా ఉంటే ఆకాశం ఇళ్ల ముందుకు వచ్చేస్తుంది.

నీరు

ఈ చిత్రంలో ఎక్కువ ఆలోచన కోరేది నీరే. ప్రతిబింబం అనేది ఒడ్డు మీది దృశ్యాన్ని తలకిందులుగా దించిన నకలు కాదు. మనం వంతెన మీద నిలబడి చూసినప్పుడు నీటిలో కనిపించేది, మన కళ్లు నీటికి ఎంత ఎత్తులో ఉన్నాయో నీటి మట్టానికి అంతే లోతు నుంచి పైకి చూస్తే కనిపించే దృశ్యం. అందువల్ల వంతెన కమాను అడుగు భాగం నేరుగా కనిపించిన దానికంటే నీటిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఒడ్డు గోడ ముందుండటం వల్ల దాని వెనుకనున్న ఇళ్ల కింది భాగం నీటిలో మరుగుపడుతుంది, ఎండ తగిలిన పై అంతస్తులు మాత్రం ముందువైపు నీటిలోకి దిగి మెరుస్తాయి. మనం ఎంచుకున్న శీతకాలపు వెలుగులో ఇదే అసలైన సౌందర్యం: ఒడ్డంతా చల్లని నీడలో ఉండగా నీటిలో మాత్రం వెచ్చని బంగారు రంగు విరిగి పడుతుంది.

ప్రతి వస్తువు ప్రతిబింబం దానికి సరిగ్గా నిలువుగా కిందికే పడుతుంది. వెలుగైన వస్తువు నీటిలో కొద్దిగా చీకటిగాను, చీకటి వస్తువు కొద్దిగా వెలుగుగాను కనిపిస్తుంది. నీటికి సొంత రంగు ఎంత ఉంటే ఈ మార్పు అంత ఎక్కువ. విజయవాడలో ఉన్నవారు ఏలూరు కాలువ లేదా బందరు కాలువ గట్టున నిలబడి దీన్ని స్వయంగా పరిశీలించవచ్చు. ఒండ్రు కలిసిన నీటి మీద చెట్టు నీడ నేల మీద పడినంత స్పష్టంగా పడుతుంది. నీరు తేటపడిన రోజున నీడ మాయమై ప్రతిబింబం మిగులుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ నీరు ఆకుపచ్చ కలిసిన ముదురు రంగులో ఉండి ప్రతిబింబాన్నే బలంగా చూపిస్తుంది.

ముందుగా ప్రతిబింబాల రంగులను పై నుంచి కిందికి నిలువు గీతలుగా, పలచగా లాగండి. చీకటి భాగాల్లో గీతలు నిలువుగా ఉండటానికి ఒక భౌతికమైన కారణం ఉంది. గదిలో వెలుగు సాధారణంగా పైనుంచి పడుతుంది. అడ్డంగా లేచిన రంగు గట్టు తన పై అంచున ఆ వెలుగును పట్టి మెరుస్తుంది. ఆ మెరుపు గోడ మీదో, నీటి తళుకు మీదో పడితే అందమే గాని, చీకటి నీటి మీద పడితే ఆ చీకటి బూడిద రంగులోకి తేలిపోయి లోతు పోతుంది. నిలువు గీత అంతగా మెరవదు. నీడలను పలచగా ఉంచమని పాత చిత్రకారులు చెప్పిన మాటకు మూలం ఇదే. చిత్రాన్ని గోడకు నిలబెట్టి పైనుంచి దీపం వేసి చూస్తే ఎవరికైనా వెంటనే తెలుస్తుంది.

నిలువు గీతలు ఇంకా తడిగా ఉండగానే, శుభ్రమైన పొడి ఫ్లాట్ కుంచెతో అక్కడక్కడా అడ్డంగా ఒక్కసారి తాకి వదలండి. నీటికి ఉపరితలం ఏర్పడుతుంది. తరువాత అలల గీతలను అడ్డంగా వేయాలి. చిత్రంలో మనకు దగ్గరగా ఉన్న చోట అవి వెడల్పుగా, దూరదూరంగా ఉండి, వంతెన వైపు పోయేకొద్దీ సన్నబడి దగ్గరవుతాయి. ఆ గీతలు పూర్తిగా అడ్డంగా ఉండకపోతే నీరు ఏటవాలుగా కారిపోతున్నట్టు కనబడుతుంది. బంగారు రంగు ప్రతిబింబం విరిగే చోట మాత్రం ఓకర్, తెలుపు కలిపిన మందపు రంగును కత్తి అంచుతో ఏడెనిమిది చోట్ల పెట్టి ఆగండి. తళుకులు నీరంతా చల్లితే ఏ ఒక్కటీ తళుక్కుమనదు. పడవ నీటిని తాకే చోట సన్నని, ముదురు గీత ఒకటి ఉంటే పడవ తేలుతుంది, లేకపోతే గాలిలో వేలాడుతుంది.

ఎక్కడైనా మందం ఎక్కువైందనిపిస్తే దాని మీద మరో పొర వేయకండి, కత్తితో పూర్తిగా గీకేయండి. గీకిన తరువాత మిగిలే మసక మరక దూరపు ఇళ్లకూ, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ వైపు చిత్రించేవారికి వెస్టర్‌కెర్క్ చర్చి గోపురానికీ ఎంతో బాగా పనికివస్తుంది.

ఆరబెట్టడం, భద్రపరచడం

పలచని భాగాలు కొద్ది రోజుల్లో ఆరినా, గేబుల్ మీది మందపు రంగు పైకి తోలు కట్టి లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. వేలితో నొక్కి చూడకండి. కోస్తా జిల్లాల్లో వానాకాలపు తేమలో ఇంకా ఆలస్యమవుతుంది కనుక గాలి ఆడే గదిలో, దుమ్ము పడకుండా, గోడకు దూరంగా నిలబెట్టండి. చీకటి గదిలో మూసి పెడితే అవిసె నూనె పసుపుబారుతుంది, మామూలు పగటి వెలుతురు తగిలితే ఆ పసుపు చాలావరకు తగ్గుతుంది. వార్నిష్‌ను కనీసం 6 నెలలు, ఇంత మందపు చిత్రానికైతే ఏడాది ఆగి వేయడం క్షేమం. మెరుపు తక్కువగా ఉండే శాటిన్ రకం వాడితే గట్ల మీది అనవసరమైన తళుకు తగ్గుతుంది.

పని ముగిసిన ప్రతిసారీ నూనె అంటిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయకూడదు. అవిసె నూనె ఆక్సిజన్‌ను గ్రహించేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకోగలదు. వాటిని నీళ్లు పోసిన, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి. టర్పెంటైన్ వాడేవారు కిటికీలు తెరిచి ఉంచాలి. కాడ్మియం రంగులు ఉన్న చేతులతో తినకూడదు.

చిత్రాన్ని దూర ప్రాంతాలకు, విదేశాల్లో ఉన్న బంధువులకు పంపవలసివస్తే, కాన్వాస్‌ను చట్రం నుంచి విప్పి చుట్టే అలవాటు ఇంపాస్టో చిత్రాలకు పనికిరాదు. చుట్టిన చోటల్లా గట్టిపడిన రంగు చిట్లుతుంది. చట్రంతోనే, రంగుకు ఏదీ తగలకుండా నాలుగు మూలల్లోనూ మందపు దిమ్మలు పెట్టి, చదునైన పెట్టెలో నిలువుగా పంపాలి. బోర్డు మీద వేసిన చిత్రానికైనా ఇదే పద్ధతి.